పదహార్లు లేని ఇంటి పన్ను

మా ఊరి బడిని ఎవరైనా ‘ఫ్రీ బడి’ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. రొంపిచెర్ల వైపు ఒక చిన్న ఊరు మాది. మా ఇంటి ముందుగదిలో చిల్లర కొట్టు నడుపుతాను. నా కొట్లో ఏ సబ్బు, ఏ బిస్కెట్ ప్యాకెట్ తిప్పి చూసినా ధర పక్కన అన్ని పన్నులూ కలిపి అని ఇంగ్లీషులో సన్నగా అచ్చు వేసి ఉంటుంది. మిరప కోతకు వెళ్ళే ఆడవాళ్ళు తెల్లవారకముందే వచ్చి పేస్టో, షాంపూ ప్యాకెట్టో కొనుక్కుని ట్రాలీ ఆటో ఎక్కుతారు. అప్పుడే పన్ను కట్టేసినట్టు వాళ్ళకు తెలియదు. తమ పిల్లల బడిని మాత్రం ఫ్రీ బడి అంటారు. “ఫ్రీ ఏందక్కా, ఇప్పుడు నా చేతిలో పెట్టింది ఏంది మరి?” అని నేను పోట్లాటకు దిగుతాను. ఆటో వెళ్ళిపోతుందని వాళ్ళు నవ్వుతూ పరిగెత్తుతారు.

నేను ఆ బళ్ళోనే చదివి, నరసరావుపేటలో డిగ్రీ చేశాను. నా కూతుర్ని కూడా అక్కడే వేశాను. ఇది జరిగినప్పుడు దానిది నాలుగో తరగతి. ఊళ్ళో కాస్త జరుగుబాటు ఉన్న ఇళ్ళ పిల్లలు పొద్దున్నే పసుపు రంగు వ్యాన్లెక్కి పేటకు పోతారు. “డబ్బుల్లేక వేశావా?” అని మొహం మీదే అడిగినవాళ్ళున్నారు. డబ్బు లేని మాట నిజమే. ఉన్నా అక్కడే వేసేదాన్ని. బడికి ఇద్దరు టీచర్లు. ఇద్దరూ పోటీ పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళు. నా కూతురు కొట్లో కూర్చుంటే నాకంటే ముందు లెక్క తేల్చి చిల్లర ఇచ్చేస్తుంది. చదువులో ఏ లోటూ లేదు. చిక్కంతా నీళ్ళ దగ్గర వచ్చింది.

ఆ ఏడు బడి తెరిచిన కొన్నాళ్ళకే బోరు మోటారు కాలిపోయింది. పైనున్న పాత ట్యాంకు అంతకుముందే పగిలి కారుతుండేది. తాగడానికి పిల్లలు ఇంటి నుంచి సీసాలు తెచ్చుకునేవాళ్ళు. బాత్‌రూముల్లోకి నీళ్ళు రాక వాటికి తాళం పడింది. మగపిల్లలు గోడ వెనక్కు పోయేవాళ్ళు. ఆడపిల్లలు ఎక్కడికి పోతారు? నా కూతురు సాయంత్రం తెచ్చే సీసా పొద్దున నేను నింపి ఇచ్చినట్టే ఉండేది. నేను మొదట పట్టించుకోలేదు, ఆటల్లో పడి మర్చిపోయిందనుకున్నాను. ఒకరోజు జ్వరం వచ్చి, ఒంటేలుకు వెళ్ళినప్పుడు మంట అని ఏడిస్తే నరసరావుపేట తీసుకెళ్ళాం. “నీళ్ళు తాగట్లేదా పాప?” అని డాక్టరమ్మ అడిగింది. “తాగితే పోవాల్సి వస్తదిగా” అంది నా కూతురు. తరగతిలో ఆడపిల్లలందరూ అట్లాగే చేస్తున్నారని బస్సులో చెప్పింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో ఇంటికి వచ్చాక కూడా తేల్చుకోలేకపోయాను.

మరునాడు కొట్టు మూసి మా గ్రామ సచివాలయానికి వెళ్ళాను. మా పంచాయతీ సెక్రటరీ చిన్న వయసు అమ్మాయి, మాచర్ల వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చింది. మనిషి సూటిగా మాట్లాడుతుంది. “టీచర్ల జీతాలు, పుస్తకాలు, మధ్యాహ్నం అన్నం పైనుంచి వస్తయ్ అక్కా. మనం ఏం కొన్నా కట్టే పన్నులు ఉంటయ్‌గా, అయ్యే తిరిగి అట్టా వస్తయ్. మోటారు, ట్యాంకు, పైపులు మాత్రం పంచాయతీనే చూసుకోవాల. అంటే మీరు కట్టే ఇంటి పన్ను. ఊళ్ళో సగం మంది కట్టలా. నేనేం పెట్టి వేయించేది?” అంది. ఎవరు కట్టలేదని అడిగాను. గోడౌన్లు, పక్కా డాబాలు ఉన్నవాళ్ళే ఎక్కువ అంది. పేర్లు చెప్పలేదు కానీ, ఊళ్ళో గోడౌన్లున్నది ఒక్కరికే.

ఆయన వరసకు నాకు బాబాయ్ అవుతాడు. మిరప, పత్తి వ్యాపారం. చేతికి ఎముక లేని మనిషని పేరు. రామాలయానికి గ్రానైటు రాళ్ళు ఆయనవే, బస్సు షెల్టరు ఆయనదే. కోటప్పకొండ తిరునాళ్ళకు మా ఊరు కట్టి ఊరేగించే ప్రభకు పెద్ద చందా ఎప్పుడూ ఆయనదే. ఇచ్చిన ప్రతి దాని మీదా చనిపోయిన వాళ్ళ నాన్న పేరు ఉంటుంది. అందులో తప్పేం లేదు, మా పల్నాటి ఊళ్ళలో అది అలవాటే. బడికి కూడా రెండేళ్ళ కిందట ఫ్యాన్లు కొనిచ్చాడు. ఒక్కో రెక్క మీద ఎర్ర పెయింటుతో వాళ్ళ నాన్న పేరు రాయించాడు. ఫ్యాను తిరిగితే పేరు కనపడదు కాబట్టి, ఆయన బడికి వచ్చినప్పుడల్లా టీచర్లు స్విచ్చి ఆపేవాళ్ళు. పిల్లలు చెమటలు కక్కుకుంటూ ఆయన నాన్న పేరు చదివేవాళ్ళు.

తర్వాత ఒక ఆగస్టు పదిహేనుకు జెండా ఎగరేయడానికి హెడ్‌మాస్టరు గారు ఆయన్ను కాకుండా, బళ్ళో ఎన్నో ఏళ్ళు వంట చేసి ఆ ఏడే మానేసిన పెద్దావిడను పిలిచారు. ఆయన వచ్చి, చూసి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే మనుషుల్ని పంపి ఫ్యాన్లు విప్పించి తీసుకుపోయాడు. కప్పుకు కొక్కేలు మిగిలాయి. ఆ ఎండాకాలం ఒంటిపూట బడిలో నా కూతురు అట్ట ముక్కతో విసురుకుంటూ ఎక్కాలు చదివింది. ఆ కొక్కేల్ని చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపించేది. దానం ఇచ్చినవాడు కోపం వచ్చిన రోజున తీసుకుపోవచ్చు. పన్నుతో కొన్న దాన్ని ఎవడూ విప్పుకుపోలేడు.

అందుకే బడి కమిటీ మీటింగులో ఆ బాబాయ్ లేచి, మోటారు, ట్యాంకు, పైపులు అన్నీ తనే వేయిస్తానని చెప్పినప్పుడు అందరూ చప్పట్లు కొట్టినా నా చేతులు లేవలేదు. హెడ్‌మాస్టరు గారి మొహం వెలిగిపోయింది. పాపం ఆయన మంచివారు. పేట నుంచి రోజూ బండి మీద వస్తారు, నీళ్ళ గురించి ఎన్ని అర్జీలు పెట్టారో నాకు తెలుసు.

“ట్యాంకు మీద నాలుగు పక్కలా నాన్న పేరు పడాల. అంతే నేనడిగేది” అన్నాడు బాబాయ్.

నేను కమిటీలో సభ్యురాలిని. తల్లులు ఉండాలని రూలు ఉంది కాబట్టి పెట్టారు కానీ, మాట్లాడతానని ఎవరూ అనుకోలేదు. లేచి నిలబడ్డాను.

“వద్దు బాబాయ్.”

“ఏంది వద్దు?”

“నీ దానం వద్దు. గోడౌన్ల పన్ను కట్టు. అది చాలు, మోటారూ వస్తది, ట్యాంకూ వస్తది.”

 బాబాయ్ నా వైపు తిరిగాడు. అరిచే మనిషి కాదు ఆయన.

“ఏమే, నా పిల్లలు ఈ బళ్ళో చదివారా? నా మనవళ్ళు చదువుతున్నారా? చదవని బడికి పన్నెందుకు కడతాన్నేను? అయినా జాలిపడి ఇస్తానంటే నీకు అంత పొగరా?”

“జాలి ఎవరికి కావాలంట? నేను నీ గోడౌను ముందు రోడ్డు మీద నడవనుగా, దానికీ నా పన్ను పోయింది. నేను వద్దనలా. నీ మిరప లారీలు తోలే డ్రైవరూ, కాటా రాసే గుమస్తా ఏ బళ్ళో అక్షరాలు నేర్చుకున్నారో అడుగు. నువ్వు వాడుకునే మనుషుల్ని తయారు చేసింది ఈ బడి. దానికి నువ్వు దానం చేసేదేంది, బాకీ ఉన్నావు.”

ఆయన తుండుగుడ్డ దులుపుకుని లేచాడు. హెడ్‌మాస్టరు గారు వెంట పరిగెత్తి, తిరిగి వచ్చి నా ముందు కూర్చున్నారు. ఆయనకు కోపం రాదు, అదే నాకు కష్టమైంది.

“అమ్మా, మీరన్నది న్యాయమే. నేను కాదనను. కానీ నీళ్ళు కావాల్సింది ఈ రోజు. మీ పాపకే ఒంట్లో బాలేదు. దసరా సెలవుల దాకా చూద్దాం. పన్ను వస్తే సరే. రాకపోతే సెలవులు అయ్యాక ఆయన కాళ్ళావేళ్ళా పడైనా ఒప్పిస్తాను. మీరు అడ్డం రాకూడదు.”

సరేనన్నాను. ఇంటికి వచ్చాక మా ఆయన అన్నం ముందు కూర్చుని తినలేదు. “పిల్ల నీళ్ళు తాగక చస్తంటే నీకు పౌరుషమా? మన పంతం మన ఒంటి మీద చూపించుకోవాల గానీ పిల్ల ఒంటి మీదనా?” అన్నాడు.  ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే కొట్టు మూసి, బడికి వెళ్ళి, నా కూతుర్నీ దాని తరగతి ఆడపిల్లల్నీ మా ఇంటికి తీసుకొచ్చి, నీళ్ళు తాగించి, బాత్‌రూముకు పంపి, తిరిగి దించి వచ్చేదాన్ని. ఆ టైములో కొట్టుకొచ్చేవాళ్ళు పక్క కొట్టుకు పోయారు. పోతే పోయారు.

సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగాను. ఇంటి పన్ను కట్టమని అడిగితే జనం మొహాలు ఎలా మారతాయో అప్పుడే చూశాను. అప్పులవాడు వచ్చినట్టు తలుపు సగం మూసి మాట్లాడారు. “మా పిల్లలు పేటలో చదువుతున్నారుగా” అని ఒకరు. “పోయిన పంచాయతీ వాళ్ళు తిన్నదంతా కక్కితే అప్పుడు కడతాం” అని ఇంకొకరు. “కట్టినోడికి ఏం కిరీటం పెట్టారు?” అని మరొకరు. ఏమీ అనకుండా వెళ్ళి కట్టేసిన మనిషి ఒక్కతే. మా ఊరి చివరి పేటలో ఉండే పెద్దమ్మ, గోంగూర, తోటకూర గంపలో పెట్టుకుని ఊరంతా తిరిగి అమ్ముతుంది. రేకుల ఇల్లు. ఆమె పిల్లలు, మనవలు అందరూ ఆ బళ్ళోనే చదివారు. “నా మనవరాలు ఇప్పుడు గురజాల ఆసుపత్రిలో నర్సమ్మ. నేను కట్టకపోతే ఎవరు కడతారే?” అంది.

వినాయక చవితి వచ్చింది. రామాలయం ముందు పందిరి వేశారు. మైకు పొద్దుటి నుంచి మోగుతూనే ఉంది. చందా ఇచ్చిన వాళ్ళ పేర్లు చదువుతున్నారు. మా ఊళ్ళో మైకు దగ్గర ఎప్పుడూ ఒకే మనిషి ఉంటాడు, సౌండ్ సిస్టం, టెంట్లు అద్దెకిచ్చే మామ. గొంతు గంట కొట్టినట్టు ఉంటుంది. చందా ఇచ్చిన మనిషి పేరు, ఇంటి పేరు, ఊళ్ళో వాళ్ళను పిలిచే పేరు, అన్నీ గౌరవంగా చదివి, చివర ‘వారికీ, వారి కుటుంబ సభ్యులందరికీ ఆ స్వామివారి కృపాకటాక్షాలు ఎల్లవేళలా ఉండాలని కోరుకుంటున్నాం’ అంటాడు. నాకు తలుపు సగం మూసినవాళ్ళు అందరూ అక్కడ నూట పదహార్లు, వెయ్యి నూట పదహార్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. నిమజ్జనం రోజు బాబాయ్ లడ్డూ వేలంలో పాట పెంచుకుంటూ పోయి చివరికి దక్కించుకున్నాడు. ఆ లడ్డూ డబ్బుతో రెండు బళ్ళకు మోటార్లు వస్తాయి.

నేను కొట్లో కూర్చుని ఆ మైకు వింటూ పళ్ళు కొరుక్కున్నాను. వీళ్ళ దగ్గర డబ్బు లేక కాదు. ఇస్తే పెద్దరికం అనుకుంటున్నారు, కడితే చిన్నతనం అనుకుంటున్నారు. ఇచ్చిన చేతిని ఊరంతా చూస్తుంది, కట్టిన చేతిని ఎవరూ చూడరు. అయితే చూసేలా చేద్దాం అనుకున్నాను.

మైకు మామ రోజూ సాయంత్రం వైన్ షాపుకు పోయే ముందు నా కొట్లో వేరుశనగ ప్యాకెట్టు కొంటాడు. ఆ రోజు ఆపి అడిగాను. ఇంటి పన్ను కట్టిన వాళ్ళ పేర్లు చందా పేర్లలాగే మైకులో చదువుతావా అని. ఆయన వేరుశనగలు నములుతూ ఆలోచించాడు.

“పన్ను కట్టినోడి పేరు మైకులోనా? ఎవరన్నా ఇంటే నవ్వరంటే?”

“బడి కోసం మామా. పిల్లలకు నీళ్ళు.”

“బడి కోసమైతే నాకంటే ఎక్కువ ఎవడు కడుతున్నాడే ఈ ఊళ్ళో? ఒక్కో సీసా మీద సర్కారు ఎంత లాగుద్దో తెలుసా నీకు? మీ టీచర్ల జీతంలో సగం నేనే ఇస్తన్నా.”

“నువ్వు చెప్పేది నిజమే మామా. నీ పేరు కూడా చదువుకో.”

ఆయన చానాసేపు నవ్వాడు. నవ్వి, అద్దె వద్దని ఒప్పుకున్నాడు. మర్నాడు సెక్రటరీని అడిగితే, కట్టిన వాళ్ళ పేర్లు మాత్రమే, వాళ్ళు సరేనంటేనే చదవాలి, కట్టనివాళ్ళ ఊసు ఎత్తకూడదు అంది. నాకూ అదే కావాలి. ఎవరి పరువూ తీయడం నా ఉద్దేశం కాదు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మైకు మోగింది. మొదటి పేరు తోటకూర అమ్మే పెద్దమ్మది. ఇంటి పేరుతో సహా, శ్రీమతి అని ముందు, గారు అని వెనక పెట్టి చదివాడు మామ. ఆమెను ఎవరైనా అట్లా పిలవడం నా జీవితంలో నేను వినలేదు. ‘వీరు మన ఊరి బడి నిమిత్తం తమ ఇంటి పన్ను పూర్తిగా చెల్లించి ఉన్నారు’ అని ఆగాడు. అక్కడిదాకా బాగానే ఉంది. అలవాటు చొప్పున గొంతు ముందుకు పోయింది. ‘వారికీ, వారి కుటుంబ సభ్యులందరికీ ఆ స్వామివారి కృపాకటాక్షాలు ఎల్లవేళలా ఉండాలని కోరుకుంటున్నాం’ అనేశాడు. పెద్దమ్మ చర్చికి పోయే మనిషి. ఆ టైముకు నా కొట్టు ముందే గంప దించి కూర్చుని ఉంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఊగేట్టు నవ్వింది. “ఏ సామైతే ఏందమ్మా, ఇయ్యనీ” అంది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. 

మరునాడు సచివాలయం ముందు మనుషులున్నారు. నేను గొప్ప పని చేశానని అనుకుంటుండగానే సెక్రటరీ నుంచి ఫోన్ వచ్చింది. “అక్కా, మీరు తొందరగా రండి, వీళ్ళు నా మాట ఇనట్లా.” వెళ్ళేసరికి ఒక పెద్దాయన బల్ల మీద నోట్లు పెట్టి మొండిగా నిలబడి ఉన్నాడు. ఆయన పన్నుకు పదహారు రూపాయలు కలిపి ఇస్తున్నాడు. సెక్రటరీ వద్దంటోంది.

“మిషన్లో పన్ను ఎంత ఉంటే అంతే పడుద్ది తాతా. పదహార్లు పడవు.”

“మైకులో చదివేదానికి పదహార్లు లేకుండా ఎట్టా ఇచ్చేది? అశుభం కాదా? నన్ను ఊళ్ళో ఏమనుకుంటారు?”

వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా పదహార్లు విడిగా చేతిలో పట్టుకుని ఉన్నారు. నేను తలపట్టుకున్నాను. ఇన్నాళ్ళూ పన్నును దండగ అనుకున్నవాళ్ళు ఇప్పుడు దాన్ని చందా చేసేశారు. మళ్ళీ మొదటికొచ్చింది వ్యవహారం. నేను బల్ల పక్కన నిలబడి గట్టిగానే చెప్పాను. “తాతా, ఇది చందా కాదు. నీకు ఇష్టమై ఇచ్చేది కాదు. ఇది నీ వంతు. వంతుకు పదహార్లు ఉండవు. నీ ఇంటికి ఎంత రాశారో అంత కట్టు. ఎక్కువిచ్చినా తీసుకోరు, తక్కువిచ్చినా తీసుకోరు. అదే దీని మర్యాద.” తాత కాసేపు గొణిగాడు. చివరికి పదహారు రూపాయలు తిరిగి జేబులో వేసుకున్నాడు. రసీదు చేతికి వచ్చాక బయటికి పోతూ, “అయితే సాయంత్రం మైకులో నా ఇంటి పేరు సరిగ్గా చదవమను” అన్నాడు.

అలా రోజూ సాయంత్రం పేర్లు పెరిగాయి. మామకు స్వామివారి ముక్క మానమని ఎంత చెప్పినా మానలేకపోయాడు, నేనూ వదిలేశాను. పన్ను కట్టినవాళ్ళకు ఆశీస్సులు దొరికితే నాకు అభ్యంతరం ఏముంది? బాబాయ్ పేరు మాత్రం రాలేదు. ఆయన గోడౌన్ల పన్ను కొన్నేళ్ళది ఉంది. మిగతా ఊరంతా కట్టినా, అది రాకపోతే ట్యాంకుకు చాలదని సెక్రటరీ చెప్పింది. దసరా సెలవులు దగ్గరపడ్డాయి. నేను మధ్యాహ్నం ఆడపిల్లల్ని ఇంటికి తోలుకొస్తూనే ఉన్నాను. రోడ్డు మీద ఆయన కారు ఎదురైతే ఆయన అటు తిరిగేవాడు, నేను మాత్రం తిరిగేదాన్ని కాదు.

సెలవులకు ముందు ఆయన గుమస్తా సంచితో నా కొట్టుకు వచ్చాడు. అందులో పన్నుకు రెట్టింపు డబ్బు ఉందట, పైన పదహార్లు కూడా ఉన్నాయట. పన్ను అనే మాట లేకుండా తీసుకోవాలి, ట్యాంకు మీద ఒకవైపు మాత్రం పేరు రాస్తే చాలు అని కబురు. ఆ సంచి నా బల్ల మీద ఉన్నంతసేపూ నా కూతురు సీసా దాని పక్కనే ఉంది. ఒప్పుకుంటే సెలవులయ్యేసరికి నీళ్ళు వస్తాయి. లోపలి నుంచి మా ఆయన నన్నే చూస్తున్నాడు.  అయినా సంచి తిప్పి ఇచ్చేశాను. “ఇందులో సగం తీసుకుని సచివాలయానికి పోయి కట్టమను. మిగతా సగం ఆయన్నే ఉంచుకోమను” అన్నాను. ఆ రాత్రి మా ఆయన చాప తెచ్చుకుని కొట్లోనే పడుకున్నాడు.

తర్వాత జరిగింది నాకు పెద్దమ్మ చెప్పింది. ఆమె రోజూ బాబాయ్ ఇంటికి కూర వేస్తుంది. బాబాయ్ వాళ్ళ అమ్మకు చూపు ఆనదు, చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి. సాయంత్రం అరుగు మీద కూర్చుని మైకులో ప్రతి పేరూ వింటుంది. ఏ ప్రభకైనా, ఏ పందిరికైనా మొదట వాళ్ళ ఇంటి పేరే వినడం ఆమెకు అలవాటు. “ఒరేయ్, ఊళ్ళో అందరి పేర్లూ వచ్చినయ్. కూరలమ్మేదాని పేరు మొదటి రోజే వచ్చింది. మన పేరు రాలేదేందిరా? మనం ఇయ్యలేకపోయామా?” అని అడిగిందట. ఆయన ఏదో సర్దిచెప్పాడట. ఆమె వినలేదట. “మీ నాయన పేరు రాళ్ళ మీద రాపిచ్చావు. మీ నాయన బతికున్నప్పుడు పన్ను బకాయి ఏనాడన్నా పెట్టాడంట్రా?” అందట. పెద్దమ్మ ఆ మాట నాకు చెబుతున్నప్పుడు చేతిలో తోటకూర కట్ట ఊపుతూ చెప్పింది.

సెలవులకు బడి మూసే రోజున బాబాయ్ తనే వచ్చి కట్టాడు. బకాయి అంతా. పదహార్లు లేకుండా. సెక్రటరీ ఫోన్ చేసి చెప్పింది. ఆ సాయంత్రం నేను మామకు ఒకటే చెప్పాను, వరస మార్చొద్దని. కట్టిన వరసలోనే చదవాలి. ఆ రోజు ఆయన కంటే ముందు కట్టింది ఊరి చివరి పేటలో ఇస్త్రీ బండి నడిపే ఆవిడ. ఆమె పేరు తర్వాత బాబాయ్ పేరు వచ్చింది, అంతే గౌరవంతో, అంతే గొంతుతో, అదే స్వామివారి కృపతో. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. నేను కొట్టు బయటికి వచ్చి నిలబడి విన్నాను. నవ్వు ఆపుకోలేకపోయాను.

దీపావళి దాటాక మోటారు దిగింది, ట్యాంకు ఎక్కింది, బాత్‌రూముల తాళాలు తీశారు. మేస్త్రి అలవాటుగా ఎవరి పేరు రాయాలని అడిగితే ఎవరి పేరూ వద్దన్నాను. ట్యాంకు మీద నల్లరంగు తప్ప ఏమీ లేదు. నీళ్ళు వదిలిన రోజు హెడ్‌మాస్టరు గారు ఊరందరినీ రమ్మన్నారు. పెద్దమ్మ గంపతోనే వచ్చి, కుళాయి తిప్పి, దోసిట్లో పట్టి తాగి, “నీళ్ళు చల్లగుండయ్యే” అంది. మా ఆయన కూడా వచ్చాడు. కుళాయి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు తిప్పి చూసి, నా వంక చూడకుండానే “పర్లేదు, బానే బిగించారు” అన్నాడు.

అందరూ వెళ్ళాక బాబాయ్ వచ్చాడు. కారు రోడ్డు మీదే ఆపి నడిచి వచ్చాడు. బడి చుట్టూ తిరిగి పైనున్న ట్యాంకును నాలుగు పక్కలా చూశాడు. నేను కుళాయి దగ్గర పిల్లల సీసాలు కడుగుతున్నాను.

“అందరికంటే ఎక్కువ కట్టింది నేనే కదే. ఇందులో నాదేది?”

నా కూతురు తన సీసా పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ఆ మధ్యాహ్నం నుంచి అప్పటికే ఒకసారి ఖాళీ చేసి మళ్ళీ నింపుకుంది. నేను గ్లాసు కడిగి, కుళాయి కింద పట్టి, నిండా నీళ్ళు నింపి ఆయన చేతికిచ్చాను.

“తాగు బాబాయ్. నీదీ ఇందులోనే ఉంది. పెద్దమ్మదీ ఉంది, ఇస్త్రీ బండి ఆవిడదీ ఉంది. ఏది ఎవరిదో ఇంక నేనూ చెప్పలేను, నువ్వూ చెప్పలేవు. విప్పుకుపోవాలన్నా కుదరదు.”

ఆయన గ్లాసు వంక చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. ఆయన తాగాడు, సగం కాదు, మొత్తం. ఖాళీ గ్లాసు నా కూతురి చేతికిచ్చి వెళ్ళిపోయాడు. అది గ్లాసు కడిగి బోర్లించి, తన సీసా మూత తీసి మళ్ళీ తాగింది.